గీత దాకా నిండని ట్యూబు

ఈ లోకంలో తప్పు చేయని మగాడు ఒక్కడే ఉన్నాడు. ఏం చేస్తుంది, వెతికి వెతికి ఆయన్నే ఆవిడ పెళ్ళి చేసుకుంది.

గొడుగు బస్సులో వదిలేసి వస్తారా, గొడుగు తగిలించడానికి కొక్కెం లేని బస్సుది తప్పు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకుని ఊరంతా తిరిగొస్తారా, కాజాలన్నీ ఒకేలా కుట్టిన దర్జీది తప్పు. ఒకసారి పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమని చెప్పి ఆవిడ స్నానానికి వెళ్ళింది. వచ్చేసరికి పాలు పొంగి గట్టంతా పారుతున్నాయి. ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"చూస్తూ ఉండమన్నావు, చూశాను. ఆపమని చెప్పావా?" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో "తప్పు నాది" అనే మాట ఆయన నోట ఒక్కసారి రాలేదు. అది ఒక్కసారి వింటే చాలని ఆవిడ కోరిక. నగలూ చీరలూ అడగని ఇల్లాలని చుట్టాల్లో ఆవిడకి మంచి పేరుంది గానీ, లోపల ఇంత ఖరీదైన కోరిక పెట్టుకుందని ఎవరికీ తెలియదు.

ఆయన ఉద్యోగం ఒక పెద్ద ఆసుపత్రి వెనక ఉన్న ల్యాబులో. క్యాన్సర్ గడ్డలోంచి కొన్ని కణాలు ఊడి రక్తంలో పడతాయట. ఆ రక్తంతో పాటు ఊరేగుతూ వెళ్ళి ఏ ఎముకలోనో కాలేయంలోనో దిగి, అక్కడ కొత్త కాపురం పెడతాయట. లెక్కలేనన్ని మామూలు కణాల మధ్య అలాంటివి ఏ ఒకటో రెండో ఉంటాయి. వాటిని వడగట్టి, రంగు పట్టించి, ఒక్కొక్కదాన్నీ ఏరి, జన్యువుల్లో ఏ గుర్తులున్న కణాలు ఎక్కడికి వలస పోతున్నాయో కనిపెట్టడం ఆయన పని.

"బియ్యంలో రాళ్ళు ఏరినట్టన్నమాట," అంది ఆవిడ ఒకసారి.

"దేశమంతా తినే బియ్యం ఒక్క పళ్ళెంలో పోసి ఏరినట్టు," అన్నారాయన. ఆయన ఒప్పుకుంటే అలాగే ఒప్పుకుంటారు, మనం చెప్పింది కొంచెం చిన్నదిగా కనిపించేటట్టు.

అయితే రోగుల రక్తం ఒక్కటే చూస్తే సరిపోదు. జబ్బు లేనివాళ్ళ రక్తంలో ఆ కణాలు లేవని కూడా చూపించాలి. అందుకు ప్రతిసారీ ఓ ఆరోగ్యవంతురాలి రక్తం పక్కన పెట్టుకుని పోలుస్తారు. ఆ ఆరోగ్యవంతురాలు ఆవిడే. రోగి రక్తం వచ్చే రోజునే ఆవిడదీ తాజాగా చేరాలి. ల్యాబులో సిస్టర్ వచ్చేదాకా ఆగితే ఆలస్యమని, పొద్దున్నే భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి ఆయనే తీసేవారు. అనుమతి పత్రాల మీద పద్ధతిగా సంతకాలన్నీ పెట్టించారు. పెళ్ళికి కూడా ఆవిడ అన్ని సంతకాలు పెట్టలేదు.

ట్యూబు మీద పేరు ఉండదు, నంబరే. ఆవిడది ఒకటి. ల్యాబులో పనిచేసే పిల్లలు ఆవిడ కనిపిస్తే "ఒకటో నంబరు మేడం" అంటారు. కాలేజీలో అరమార్కు తేడాతో ఫస్టు క్లాసు పోగొట్టుకున్న మనిషికి ఇన్నాళ్ళకి ఒకటో నంబరు వచ్చిందంటే మాటలా? సూది గుచ్చిన చోట అంటించిన దూదిని ఆ పూటంతా తీసేది కాదు. కూరగాయల దుకాణంలో చెయ్యి కాస్త పైకెత్తి బేరమాడేది. "ఏమైందమ్మా?" అని ఎవరైనా అడక్కపోతారా అని.

అలా సాగిపోతున్న కథలోకి బుజ్జమ్మ వచ్చింది.

బుజ్జమ్మ ఆయన చెల్లెలు. నలభై దాటినా బుజ్జమ్మే. రెండు వీధుల అవతల ఉంటుంది, పిల్లలకి ఈత నేర్పుతుంది. ఆ భుజాలూ, ఆ నడకా చూస్తే లిఫ్టులన్నీ సిగ్గుపడి ఆగిపోవాలి. మంచి పిల్ల. ఆవిడకి బుజ్జమ్మ మీద ఉన్న ఫిర్యాదే అది. చెడ్డదైతే నలుగురికీ చెప్పుకునైనా బతకవచ్చు. ఇంట్లో ఏది జరిగినా ఆయన "బుజ్జమ్మ అయితేనా..." అని మొదలుపెట్టేవారు. ఆ వాక్యం ఎలా పూర్తయినా ఆవిడకి కడుపులో మంటే.

ఒక సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతూ, "ఒక్క మనిషితో పోలిస్తే చాలదంటున్నారు. ఇంకో ఆరోగ్యవంతురాలు కావాలి. బుజ్జమ్మని రమ్మన్నాను," అన్నారు.

"నేను చాలనా?"

"నువ్వు చాలకపోవడం కాదు. ఒక్కళ్ళు చాలరు."

"అదే కదా నేనూ అంటున్నది," అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలతో మిగతా సంభాషణ కొనసాగించింది.

రోగి రక్తం వచ్చే రోజు పొద్దున్నే బుజ్జమ్మ తల తడిగా, మొహం తాజాగా వచ్చేసింది. ఆయన ముందు ఆవిడ చేతికి రబ్బరు పట్టీ కట్టి, నరం కోసం వేలితో వెతికారు.

"నీ నరం ఎప్పుడూ దాక్కుంటుంది."

"ఈ ఇంట్లో దానికొక్కదానికే దాక్కునే తీరిక ఉంది."

సూది దిగింది. మొదటి ట్యూబు గీత దాకా నిండింది. ఆయన దాన్ని అలవాటు ప్రకారం ఖాళీ జాము సీసాలో పెట్టారు. రెండోది తగిలించారు. అది ముప్పావు దాకా వచ్చి, ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోయింది. "పర్లేదు, సరిపోతుంది," అని దాన్ని థర్మాకోల్ పెట్టెలో పెట్టారు. ఎప్పుడూ అంతే. సీసాలోది పారేసేది, పెట్టెలోది ల్యాబుకి వెళ్ళేది. ఎందుకలా అని ఆవిడ ఎన్నడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య ఇలాంటివి చాలా ఉంటాయి.

తరవాత బుజ్జమ్మ చెయ్యి చాపింది.

"అబ్బ! నరం అంటే ఇదీ!" ఆయన మొహం వెలిగిపోయింది. "చూడవోయ్, తోటకి నీళ్ళు పట్టే పైపులా లేదూ!"

"చూస్తున్నా. పైపులు ఎప్పుడూ చూడలేదు కదా పాపం."

"పో అన్నయ్యా, వదిన ముందు ఏంటీ మాటలు," అంది బుజ్జమ్మ. ఆ అనడం కూడా ఎంత ఒద్దికగా అందో! రెండు ట్యూబులూ గీత దాకా, ఇంకాస్త ఉంటే పైకి పొర్లేటట్టు నిండాయి. అవీ అలాగే, మొదటిది సీసాలోకి, రెండోది పెట్టెలోకి వెళ్ళాయి.

ఇంతలో ఆయనకి ఫోను వచ్చి వరండాలోకి వెళ్ళారు. బుజ్జమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేచింది. బల్ల దగ్గర ఆవిడా, పెట్టె మిగిలారు. పెట్టెలో రెండు ట్యూబులు పక్కపక్కనే. బుజ్జమ్మది నిండుగా, ఎర్రగా, పెళ్ళికూతురిలా. పక్కన ఆవిడది తలొంచుకున్న తోడిపెళ్ళికూతురిలా.

పక్కింటికి పంచదార బదులు తీర్చినా గిన్నె అంచు దాకా పోసి పంపే మనిషి ఆవిడ. అలాంటిది వెలితి ట్యూబు ల్యాబుకి పంపడమా? అదీ బుజ్జమ్మ ట్యూబు పక్కన? ఆ పిల్లలంతా చూసి, "ఒకటో నంబరు మేడం పని అయిపోయింది," అనుకోరూ? జాము సీసాలో తన మొదటి ట్యూబు గీత దాకా నిండి ఊరికే పడి ఉంది. అదీ ఈ ఒంట్లోని రక్తమే కదా! పైగా ఏదైనా మొదట పిండిందే చిక్కగా ఉంటుంది.

రెండూ చోట్లు మారడానికి కన్నుమూసి తెరిచినంత సేపు కూడా పట్టలేదు. ఆయన వచ్చి, పెట్టెలో ఉన్న వాటికి వరస ప్రకారం నంబర్లు అంటించి, మూత వేసుకుని వెళ్ళిపోయారు. ఆ పూటంతా ఆవిడ కూనిరాగం తీస్తూనే ఉంది.

కొన్నాళ్ళకి ఆయన తీరు మారింది. అన్నం తింటూ తింటూ ఆగి ఆవిడ వైపు చూసేవారు.

"నువ్వు బరువేమన్నా తగ్గావా?"

ఇన్నేళ్ళకి మనిషి కళ్ళు తెరిచాడని ఆవిడ సంబరపడింది. "ఏమో, తగ్గానేమో," అని కొంగు సర్దుకుంది. ఆయన మొహం ఎందుకో పాలిపోయింది. మెచ్చుకోవడం అలవాటు లేక అలా అయ్యారనుకుంది.

ఆ సంబరం రోగి రక్తం మళ్ళీ వచ్చే రోజు దాకానే. ఆ పొద్దున్న ఆవిడ చెయ్యి చాపి బల్ల దగ్గర కూర్చుంటే, ఆయన పెట్టె చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ఈసారి నీది వద్దులే. కాస్త విశ్రాంతి తీసుకో. బుజ్జమ్మ దగ్గరికి వెళ్తున్నాను."

"నాకేం అలసట? నేనేమన్నా ఈతలు కొడుతున్నానా?"

"ఊరికే వాదించకు," అన్నారు గానీ, మామూలుగా అనే విసురు అందులో లేదు. వెళ్ళిపోయారు. తరవాతి సారి కూడా అంతే.

ఇక ఆవిడ మనసు ఏం చేస్తుంది? పని చేసుకుంటూనే కుళ్ళింది. బట్టలు ఆరేస్తూ కుళ్ళింది, తీస్తూ కుళ్ళింది. ఆయన వరండాలో నిలబడి ఫోనులో గొంతు తగ్గించి బుజ్జమ్మతో మాట్లాడేవారు. ఆవిడ వస్తే "సరే, ఉంటా" అని పెట్టేసేవారు. పరాయి ఆడదానితో అలా మాట్లాడితే నిలదీయడానికి ఒక పద్ధతి ఉంది. సొంత చెల్లెలితో మాట్లాడితే ఏ మొహం పెట్టుకుని నిలదీస్తారు?

బుజ్జమ్మే ఒకరోజు సంచీడు పళ్ళు పట్టుకుని వచ్చింది. కూర్చోమంటే ఆవిడ పక్కనే ఆనుకుని కూర్చుంది.

"వదినా, మనిద్దరం ఒకసారి ఒళ్ళంతా పరీక్ష చేయించుకుందామా? నేనూ చేయించుకుంటా, తోడుగా."

"నీకెందుకమ్మా పరీక్షలు? ఫస్టు వచ్చేశావుగా."

"అది కాదు వదినా..."

"నా రక్తం పనికిరాదు, నీది పనికొచ్చింది. దానికి ఈ పళ్ళెందుకు, ఓదార్పులెందుకు? మీ అన్నయ్యకి పెట్టు, పొద్దున్నే నీ ఇంటి చుట్టూ తిరిగి చిక్కిపోయారు."

బుజ్జమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. గీత దాకా, అనుకుంది ఆవిడ, ఈవిడకి అన్నీ గీత దాకానే.

ఆ మర్నాడు ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆయన మరిచిపోని భోజనం క్యారియర్‌ని తనే బల్ల కింద దాచి, ఆయన వెళ్ళాక దాన్ని పట్టుకుని ల్యాబుకి బయల్దేరింది. అక్కడ సూటిగా సిస్టర్ దగ్గరికి వెళ్ళి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"తియ్యమ్మా. సార్ తీయమన్నారు."

సిస్టర్ అనుమానంగా చూసినా, ఒకటో నంబరు మేడం కదా అని సూది తీసింది. జన్యువులు చదివే అమ్మాయి గాజు తలుపులోంచి చూసి గబగబా వచ్చింది. ల్యాబులో ఏరిన కణాలన్నీ చివరికి చేరేది ఈ అమ్మాయి దగ్గరికే.

"ఆంటీ! ఎలా ఉన్నారు? ఆకలేస్తోందా? నీరసం ఏమన్నా...?"

"నాకేమైందని అందరూ ఇలా పలకరిస్తున్నారు?"

అమ్మాయి గోడవైపు చూసింది. అంతలో సిస్టర్ మొదటి ట్యూబు నింపి, దాన్ని చెత్త డబ్బాలో పడేసింది. ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

"అదేంటమ్మా, నిండుగా ఉన్నదాన్ని అలా పారేశావు? ఊరికే వచ్చిందా?"

"మొదటిది ఎప్పుడూ పారేయాల్సిందే మేడం. అదిగో, సార్ రాయించి అంటించారు," అంటూ సిస్టర్ గోడ మీద కాగితం చూపించింది.

"సూది లోపలికి దిగేటప్పుడు చర్మాన్ని కాస్త గీరుకుంటూ వెళ్తుంది ఆంటీ," అంది అమ్మాయి, మాట్లాడడానికి ఏదో ఒకటి దొరికిందన్నట్టు. "ఆ చర్మం కణం ఒకటో అరో మొదటి ట్యూబులో పడుతుంది. గడ్డలోంచి ఊడిన కణాలకి పట్టే ఆకుపచ్చ రంగే దానికీ పడుతుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. జన్యువులు చదివితే గానీ ఏది ఏదో తేలదు."

రెండో ట్యూబులోకి రక్తం దిగుతోంది. ఆవిడ దానికేసి చూడడం లేదు.

"మొదటి ట్యూబు పొరపాటున పంపిస్తే?"

"ఏ జబ్బూ లేని మనిషి ఒంట్లో కూడా క్యాన్సర్ ఉందేమో అనిపిస్తుంది. కానీ సార్ అలాంటి పొరపాటు చేయరు కదా. అందుకే..." అమ్మాయి నాలుక కరుచుకుంది.

"అందుకే? నా రక్తంలో కనిపించిందా?"

అమ్మాయి తల దించుకుంది. "ఒక్కటే ఆంటీ. సార్ ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. దాని జన్యువులు చదవమని నాకిచ్చారు. ఇప్పుడే పూర్తయింది, సార్ గదిలోకే వెళ్తున్నాను. రండి, మీరే వినండి."

ఆవిడ చేతికి దూది నొక్కి పట్టుకుని ఆ అమ్మాయి వెనక నడిచింది. ఒకే మనిషి ఒకే నడవాలో భయపడుతూ, ఊపిరి పీల్చుకుంటూ, సిగ్గుపడుతూ నడవడం ఎలాగో అప్పుడు తెలిసింది. బరువు తగ్గావా అని అడిగింది మెచ్చుకోలు కాదన్నమాట. పళ్ళ సంచీ ఓదార్పు కాదన్నమాట. అయితే అదంతా ఆ ట్యూబు వల్లేనా? కాకపోతే? మొదటి ట్యూబులోదైనంత మాత్రాన చర్మం కణమే అని ఎవరు చెప్పారు?

గదిలో ఆయన ఉన్నారు. పక్కన బుజ్జమ్మ, ఈత కొలను బట్టల సంచీతో. ఆవిడని చూడగానే ఇద్దరూ దొంగల్లా లేచి నిలబడ్డారు.

"నువ్వెందుకు వచ్చావు?" అన్నారాయన.

"క్యారియర్," అంది ఆవిడ.

అమ్మాయి ఇక ఆగలేకపోయింది. "సార్, శుభ్రంగా ఉంది. జన్యువుల్లో ఎక్కడా ముక్క పోలేదు, ఎక్కడా అదనంగా చేరలేదు. గడ్డ కణాల్లో మనం చూసే గుర్తు ఒక్కటి కూడా లేదు. చర్మంలో పనిచేసే జన్యువులే పనిచేస్తున్నాయి. చర్మం, సార్. ఒట్టి చర్మం!"

ఆయన కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా కూర్చున్నారు. అదృష్టం కొద్దీ అది అక్కడే ఉంది. బుజ్జమ్మ వచ్చి ఆవిడని గట్టిగా వాటేసుకుని, భుజం మీద ఏడ్చేసింది.

"అన్నయ్య మా మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు వదినా. తేలేదాకా నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

అంత ఉపశమనంలోనూ ఆవిడ గుండెలో ముల్లు కదిలింది. నా కోసం ఏడ్చిన ఏడుపు కూడా ముందు ఈవిడ గుమ్మానికే వెళ్ళిందా? అయినా బుజ్జమ్మ వీపు మీద చెయ్యి వేసింది. ఆ వీపు నిజంగానే రాయిలా ఉంది, ఏం చేస్తాం.

అప్పుడు ఆయన లేచారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, గదిలో అందరికీ వినపడేటట్టు అన్నారు.

"తప్పు నాది."

గోడ గడియారం కూడా ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది ఆవిడకి.

"ఫోను రాగానే వెళ్ళిపోయాను. వచ్చి చూసుకోకుండా నంబర్లు అంటించాను. రెండు ట్యూబులూ నా చేత్తోనే తారుమారు చేసి ఉంటాను. మనిషిని ఇంత భయంలో పడేశాను. తప్పు పూర్తిగా నాది."

ఎన్నేళ్ళ కోరిక! ఈ మాట వింటే ఏం చేయాలో ఆవిడ ఏనాడో ఖాయం చేసి పెట్టుకుంది. ముందు వినపడనట్టు నటించి ఇంకోసారి చెప్పించుకోవాలి. తరవాత పెద్దమనసుతో చిన్నగా నవ్వాలి. ఆ తరవాత బతికినంత కాలం, పాలు పొంగినప్పుడల్లా గుర్తుచేయాలి. తీరా వచ్చిన మాట ఆయనది కాని తప్పుకి వచ్చింది. ఊరుకుంటే చాలు, ఉన్నపళంగా తనదైపోతుంది.

ఊరుకుంది కూడా.

ఆయన అమ్మాయి వైపు తిరిగారు. "ఇంట్లో నా చేత్తో తీసినదేదీ ఇక నమ్మడానికి వీల్లేదు. ఇంకెన్నిసార్లు ఇలా చేశానో! ఒకటో నంబరువి మొత్తం తీసేయండి. మొదటి రోజు నుంచీ."

"సార్! అంటే ఇన్నాళ్ళూ రోగుల రక్తంతో పోల్చినదంతా..."

"అంతా. మళ్ళీ మొదలుపెడదాం. బుజ్జమ్మ ఉందిగా."

బుజ్జమ్మ ఉందిగా! ఇన్నాళ్ళ దూది ముక్కలూ, ఇన్ని పొద్దున్నలూ, బల్ల మీద చాపిన చెయ్యీ అన్నీ చెత్త డబ్బాలోకి. ఎదురుగా ఆయన, తన చేతుల్ని తనే అపనమ్మకంగా చూసుకుంటున్నారు. గొడుగు పోయినప్పుడు బస్సుని తిట్టిన మనిషే. ఆ మొహానికి ఆ చూపు ఎంత మాత్రం నప్పలేదు.

"ఆ ట్యూబు గీత దాకా నిండలేదు," అంది ఆవిడ హఠాత్తుగా.

అందరూ ఆవిడ వైపు చూశారు.

"అసలు ట్యూబుకి గీత పెట్టడం దేనికి? పెడితే ఎవరికైనా నింపాలనే అనిపిస్తుంది. పైగా నిండినదాన్ని జాము సీసాలో పెడితే ఎవరైనా ఏమనుకుంటారు? మొదటిది పారేయాలని గోడకి అంటించారు గానీ, నాకెవరన్నా చెప్పారా?"

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఈ పాట ఎక్కడో విన్నట్టుందే! కొక్కెం లేని బస్సు గుర్తొచ్చింది. కాజాలు కుట్టిన దర్జీ గుర్తొచ్చాడు. ఇంతకాలం ఆయన నోట ఆ మాట ఎందుకు రాదా అని ఆశ్చర్యపోయింది గానీ, అది గొంతు దాటడం ఇంత కష్టమని ఒక్కసారైనా అనుకోలేదు.

దూది మీద వేలు గట్టిగా నొక్కింది. ముందు బుజ్జమ్మ వైపు, తరవాత ఆయన వైపు చూసింది.

"ఏవీ తీసేయకండి. ఆ ఒక్కటి తప్ప అన్నీ మీరు పెట్టినవి పెట్టినట్టే వెళ్ళాయి. ఆ రోజు మీరు ఫోనులో ఉండగా ట్యూబులు మార్చింది నేను. బుజ్జమ్మది నిండింది, నాది నిండలేదని కుళ్ళుకుని మార్చాను. మీది కాదండీ, తప్పు నాది."